తడి చేసుకున్న మెడ

నాకు ఆ రోజు షుగర్ పడిపోలేదు.

ఈ ఒక్క మాట ఇన్నేళ్ళుగా గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. అమ్మకు చెప్పలేదు. డాక్టరుగారికి చెప్పలేదు. చివరికి నా డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీలో "ఉదయం షుగర్ పడిపోయింది, అక్క ఉండిపోయింది" అని రాసి ఉంది. అందులో రెండో సగమే నిజం. తన డైరీలో కూడా అబద్ధం రాసుకునే మనిషి ఎవరికి నిజం చెబుతుంది? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఏడో తరగతిలో నాకు టైప్ వన్ షుగర్ జబ్బని తేలింది. ఆగని దాహం, చిక్కిపోవడం, ఒకరోజు బడిలోనే కుప్పకూలిపోవడం. అప్పటి నుంచి అన్నం ముందు కూర్చోవాలంటే ముందు ఇన్సులిన్ పొడుచుకోవాలి. శ్రీకాకుళంలో మా వీధివాళ్ళకి షుగరంటే ముసలివాళ్ళ జబ్బు.

"మా మావకి ముసిలితనంలో వొచ్చింది. నీకిప్పుడే వొచ్చిందేటే? ఎన్ని మిఠాయిలు తినీసినావేటి?" అని పక్కింటత్త నలుగురిలో నవ్వేది. నేను తల దించుకునేదాన్ని. అక్క ఊరుకునేది కాదు. "అది తిన్నవన్నీ మీ ఇంట్లోవే అత్తా, డబ్బా సూసుకో" అనేది.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. సూది చూస్తే అమ్మ చెయ్యి వణుకుతుంది. అందుకని అక్కే వంకాయకి గుచ్చి గుచ్చి నేర్చుకుంది. ఆ తర్వాత నా తొడకి. "వంకాయే నయం, ఏడవదు" అని నవ్వేది. రాత్రి నా పక్కనే పడుకునేది. షుగర్ పడిపోతే నాకు మెడ వెనక చల్లటి చెమట పడుతుంది. ఆమె చెయ్యి నిద్రలోనే నా మెడ మీదికి వచ్చేది. తడి తగిలితే చాలు, లేచి గ్లూకోజ్ నీళ్ళు పట్టేది. అక్కడి నుంచి, పిలుద్దామంటే గొంతు కూడా నాది కానంత లోతు నుంచి, ఆమె నన్ను ఎన్నిసార్లు వెనక్కి లాగిందో.

ఆ అక్కకి ఇంటర్ అయ్యాక విశాఖపట్నంలో నర్సింగ్ సీటు వచ్చింది. కాగితాలు అందేసరికి చేరడానికి ఆఖరి రోజు వచ్చేసింది. సాయంత్రంలోగా వెళ్ళి సంతకం పెట్టకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. రాజాంలో మిల్లులో పనిచేసే నాన్న అటు నుంచే నేరుగా కాలేజీకి వస్తానన్నాడు. అక్క పొద్దున్న బస్సుకి బయల్దేరాలి.

భయంతో అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చిన అబద్ధం అని రాయబోయాను. కాదు. అక్క స్నానానికి వెళ్ళగానే షుగర్ చూసే స్ట్రిప్పుల డబ్బా తీసి బియ్యం డబ్బాలో దాచాను. చెంబులో నీళ్ళతో మెడ వెనక తడి చేసుకున్నాను. మంచం మీద పడుకుని చేతులు వణికించాను. వణుకు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు కదా.

అక్క వచ్చి అలవాటుగా మెడ మీద చెయ్యి వేసింది. స్ట్రిప్పుల కోసం అలమరంతా వెతికింది. దొరకలేదు. గ్లూకోజ్ నీళ్ళు పట్టింది. నాకు అక్కర్లేని ఆ తీపిని గుటకలు గుటకలుగా మింగాను. గుమ్మంలో అమ్మ ఏడుస్తోంది. "నాకేటీ తెలీదే. నువ్వెల్లిపోతే దీన్నెవరు సూస్తారే?" పొద్దున్న బస్సు వెళ్ళిపోయింది.

అప్పటికైనా నేను లేచి కూర్చోవచ్చు. ఇంకో బస్సుంది. అక్క నా పక్కన కూర్చుని అడిగింది కూడా.

"ఇప్పుడెలాగున్నాదే? పన్నెండింటి బస్సుకెల్తే అందుకుంటాను. ఎల్లనా?"

"కళ్ళు తిరుగుతున్నాయక్కా."

ఆమె దుప్పటి నా మెడ దాకా లాగింది. "పడుకో అయితే. నానెక్కడికీ ఎల్నులే."

సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ అలమరలో సర్దింది. నాన్న కాలేజీ గేటు దగ్గర సాయంత్రం దాకా నిలబడి, ఒక్కడే వెనక్కి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "ఎలాగున్నావమ్మా" అన్నాడు.

ఎందుకు చేశాను? ఆమె లేని రాత్రి నేను లేవనేమోనని భయం. అది నిజమే. కానీ అంతేనా? నా జబ్బు మీద నేర్చుకున్న విద్యతో ఆమె వెళ్ళిపోతోంది, జబ్బు మాత్రం నాతోనే ఉండిపోతోంది అన్న కుళ్ళు లేదా? ఉంది. ఎన్ని పుస్తకాలు చదివినా దానికి ఇంతకంటే మంచి పేరు నాకు దొరకలేదు.

అక్క ఇప్పుడు మందుల షాపులో పనిచేస్తోంది. ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ తీసి ఎవరెవరి పిల్లలకో ఇస్తుంది. కొత్తగా జబ్బు తేలిన పిల్లల తల్లులకి సూది ఎలా పట్టుకోవాలో చూపిస్తుంది. కొన్నాళ్ళు వంకాయ మీద నేర్చుకోమంటుంది. నర్సమ్మా అని ఎవరైనా పిలిస్తే, కాదని నవ్వుతుంది. ఆ నవ్వు చూడలేక నేనెప్పుడూ ఆ షాపుకి వెళ్ళను.

ఈ మధ్య షాపు ఓనరు విశాఖలో ఒక ఆసుపత్రి ట్రైనింగ్ గురించి చెప్పాడు. చేరితే అక్కడే ఉద్యోగం. అక్క వద్దంది. మర్నాడు పొద్దున ఆమె జడ వేసుకుంటుంటే వెనక నిలబడ్డాను. చెప్పేద్దామనే నిలబడ్డాను. అద్దంలో నా మొహం కనబడకుండా పక్కకి జరిగి, "వెళ్ళక్కా, నన్ను నేను చూసుకోగలను" అని మాత్రం అన్నాను. ఆమె చెప్పిన జవాబు విన్నాక మిగతాది చెప్పలేకపోయాను. నిజం చెబితే, పోయిన చదువుకి బదులుగా ఆమె దగ్గరున్న ఆ ఒక్కటీ లాగేసుకున్నదాన్ని అవుతాను. చెప్పకపోతే ఆమె ఇక్కడే ఉండిపోతుంది. రెండూ నేను చేసేవే. మూడో దారి నాకు కనబడటం లేదు.

పైన మొదటి వాక్యం రాసినప్పుడు చెయ్యి వణికింది. అలవాటు కొద్దీ వేలు గుచ్చి చూసుకున్నాను. షుగర్ బాగానే ఉంది. అయినా ఎంతసేపటికీ వణుకు ఆగలేదు. ఇప్పుడు కొంచెం తగ్గింది. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో ఉన్నది కాదు. ఒక్కరికైనా తెలియాలి, అంతే.

ఆ పొద్దున అక్క జడ చివర రబ్బరు బ్యాండు బిగించి, నా వైపు తిరిగి, అలవాటుగా నా మెడ వెనక చెయ్యి వేసి చూసింది. పొడిగా ఉంది.

"నీకేటి తెలుసే? ఆ రోజు నాను బస్సెక్కీసుంటే నువ్వుండేదానివా? సీటుదేటి, పోతే పోయింది. నిన్ను దక్కించుకున్నాను. అది సాలదేటి నాకు?"