ఎదుటి గ్లాసు

అవ్వ పోయిందని ఆమె కూతురు నాకు కబురు పెట్టలేదు. బుద్వేల్‌లో మా వీధికి కూరగాయలు తెచ్చే ఆమె బెండకాయలు తూస్తూ చెప్పింది. "శంషాబాద్ కాడ కల్లు కాంపౌండ్ అవ్వ లేదా, గామె పోయిందమ్మా. వారమాయె." అవ్వ నాకు ఏమవుతుందో ఆమెకు తెలియదు, ఊరి ముచ్చట చెప్పినట్టే చెప్పింది. కబురు పెట్టనందుకు కూతురి మీద నాకు కోపం రాలేదు. పెట్టకపోవడమే న్యాయం.

మాది గోదావరి వైపు. వ్యవసాయ చదువుకని రాజేంద్రనగర్ వచ్చినప్పుడు, భాష ఒకటే కదా, ఇది పరాయి చోటు ఎందుకవుతుంది అనుకున్నాను. నెల తిరక్కుండానే తెలిసొచ్చింది. ఈతచెట్ల దిగుబడి మీద ప్రాజెక్టు ఇచ్చారు. చెట్లు వెతుక్కుంటూ వెళితే, విమానాలు నెత్తిమీదుగా దిగే చోట అవ్వ కాంపౌండ్ దొరికింది. నాలుగు రేకులు, ఆరు బల్లలు, వెనకాల నలభై చిల్లర ఈతచెట్లు. మా వైపు కల్లుపాక అంటే ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తప్పుకుపోయే చోటు. ఇక్కడేమో అత్తాకోడళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని, మా వైపు గుగ్గిళ్లనే శనగ గుడాలు నములుతూ, మొగుళ్లను దర్జాగా తిట్టుకుంటున్నారు.

మొదటిరోజే పరువు తీసుకున్నాను. అవ్వ ఒక సీసా, గ్లాసు తెచ్చి పెట్టింది. నేను రుమాలుతో గ్లాసు తుడిచి, మర్యాదగా నా కల్లు నేనే పోసుకున్నాను. పక్క బల్లల మీద మాటలు ఆగిపోయాయి.

"ఏంది పిల్లా, నీకు మనుషుల్లేరా?" అంది అవ్వ.

"ఒక్కదాన్నే వచ్చానండి."

"అయితే నేనున్న కదా!" అని గ్లాసు లాక్కుని, నేను పోసుకున్నది నేలమీద పారబోసి, నా ఎదురుగా కూర్చుని మళ్లీ తనే పోసింది. "ఆ అండీలు గిండీలు చెప్పుల కాడ ఇడిసి రా బిడ్డా. తన గ్లాసుల తానే పోసుకునేటోళ్లు ఇంట్లనే తాగాలె. గీడికెందుకు వచ్చుడు?"

ఆ కాంపౌండ్ పద్ధతి అది. ముందు నాలుగు చుక్కలు నేలకు సాక. తర్వాత ఎదుటి మనిషి నీకు పోయాలి, నువ్వు ఎదుటి మనిషికి పోయాలి. చాలనుకుంటే గ్లాసు బోర్లించొచ్చు. కానీ పోయించుకుని, తిరిగి పోయకుండా లేచిపోతే మాత్రం, ఇక నీకూ నాకూ ఏమీ లేదని చెప్పినట్టే.

మూడేళ్లు వెళ్లాను. కల్లు సగం గ్లాసు కూడా తాగేదాన్ని కాదు. ఆ కూర్చోవడం కోసం వెళ్లేదాన్ని. అవ్వ అల్లుడు చెట్లు గీసేవాడు. నేను ప్రతి చెట్టుకూ సున్నంతో నంబరు వేసి, ఏ చెట్టుకు ఎంత కల్లు పారిందో పుస్తకంలో రాసుకునేదాన్ని. అవ్వకు నా నంబర్లంటే నవ్వు. "పదకొండు కాదు బిడ్డా, గది మా చిన్నత్త. పొద్దుగాల మంచిగుంటది, ఎండెక్కితే గులుగుతది" అనేది. విమానం వచ్చినప్పుడల్లా చెయ్యెత్తి మాటను ఆపేది. "అది పోనీ, అటెన్క చెప్పు." హాస్టల్లో నా జ్వరం గురించి, మా అమ్మతో గొడవల గురించి అడిగినవాళ్లు లేరు. అవ్వ అడిగేది, విమానం పోయేదాకా ఆగి మరీ వినేది.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఆ భూమి అవ్వది కాదు. చెట్లు గీసుకునే హక్కు మాత్రమే ఆమెది. భూమి ఆసామి దాన్ని ప్లాట్లకు ఇవ్వాలనుకున్నాడు. పారే చెట్లను నరకనివ్వరు కనుక, అవన్నీ ఎండిపోయాయని అర్జీ పెట్టుకున్నాడు. విచారణకు అధికారులు వస్తారని తెలిసి, అవ్వ మా హాస్టల్ గేటు దాకా వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది.

"నీ పుస్తకంల రాసినవు కదా బిడ్డా. జర వచ్చి గా మాటే చెప్పు. నేను జెప్తే ఎవరింటరు?"

పుస్తకం నా పెట్టెలోనే ఉంది. గైడు దగ్గర ఉందన్నాను. పరీక్షలన్నాను. రెండూ అబద్ధాలే. విచారణకు పేపరువాళ్లు వస్తారు, ఫొటోలు తీస్తారు, కల్లు కాంపౌండులో మూడేళ్లు కూర్చున్న పిల్లనని మా ఊళ్లో తెలిసిపోతుంది. నా భయం అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. లేదు.

అవ్వ నా మొహంలోకి కాసేపు చూసి, "మంచిగ రాయి పరీక్ష" అని వెళ్లిపోయింది. చెట్లు ఎండినవని కాగితాల మీదికి ఎక్కింది. నా సున్నం నంబర్ల పక్కనే రంపం పెట్టారు. నా ప్రాజెక్టుకేమో మంచి మార్కులొచ్చాయి. ఇవాళ ఒక కాలేజీలో ఈతచెట్టు పాఠం చెబుతూ ఆ లెక్కలే బోర్డు మీద వేస్తుంటాను. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. నామీద నాకు అసహ్యం వేస్తుంది, గంట కొట్టగానే మామూలైపోతాను.

తర్వాత ఆమె రోడ్డు పక్కన గుడాలమ్మింది. ఒకసారి బస్‌స్టాపులో ఎదురుపడ్డాను. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. "మంచిగున్నవా? పెండ్లయిందా?" అని గుడాలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. "అవ్వా, ఆరోజు..." అని మొదలుపెట్టగానే విమానం వచ్చింది. పాత అలవాటే, చెయ్యెత్తింది. ఆగాను. విమానం పోయింది. "అటెన్క చెప్పు" అంటుందని చూశాను. "ఇగ పో బిడ్డా, బస్సొచ్చింది" అంది.

అవ్వ పదోరోజుకు వెళ్లాను, పిలవకపోయినా. వేరే ఊరి నుంచి ఒక సీసా ఈతకల్లు పట్టుకెళ్లాను. ఇంటి ముందు టెంటు కింద పాత బల్లలే వేశారు. జనం ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు పోసుకుంటున్నారు. నేనొక బల్ల చివర కూర్చున్నాను. కూతురు చూసింది. ఒక సీసా, రెండు గ్లాసులు తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. నేలకు సాక పోసింది. నా గ్లాసు నిండా పోసింది. వాళ్లింటికి వచ్చిన మనిషి గ్లాసు ఖాళీగా ఉండకూడదు కదా.

నేను తెచ్చిన సీసా మూత తీసి, ఆమె గ్లాసు వైపు చెయ్యి చాపాను.

"నాకొద్దక్కా" అని ఆమె గ్లాసు బోర్లించి, లేచి వెళ్లిపోయింది.

ఎదుటి చోటు ఖాళీ. పైన ఒక విమానం దిగుతోంది, చెయ్యెత్తి మాట ఆపేవాళ్లు లేరు. వంచిన సీసా వంచినట్టే పట్టుకుని కూర్చున్నాను. ఎండకు కల్లు పొంగి, నురగ నా వేళ్ల మీదుగా కారి, బోర్లించిన గ్లాసు చుట్టూ చేరింది.