ఇంత ఎండలో నా ఎముకలకు కరువు

ఆ ఆదివారం చర్చిలో చివరి ప్రార్థన అయిపోయింది. అందరూ ఆమెన్ అని లేచినారు. నేను లేవలేకపోయినా.

మాది చిట్టమూరు దగ్గర పల్లె. మా చర్చిలో బెంచీలు లేవు, చాపల మీదే కూర్చుంటాం, మోకరించి ప్రార్థన చేస్తాం. ఆ రోజు ఒక కాలు ముందుకు పెట్టి లేద్దామంటే తొడల్లో బలం లేదు. వేరే ఎవరి కాళ్ళో నాకు తగిలించినట్టుంది. సిగ్గేసి తల వంచుకొని అట్లనే ఉండిపోయినా. చుట్టూ ఉన్నోళ్ళు నేనింకా ప్రార్థనలో ఉండాననుకున్నారు. పాస్టరు అయ్యగారు కూడా గొంతు తగ్గించి, "దేవుడు కరుణమ్మతో మాట్లాడతా ఉండాడు, ఎవరూ కదిలించబాకండి" అన్నారు. దేవుడు నాతో ఏమీ మాట్లాడలేదు. నేనే, తండ్రీ నన్ను లేపు అని ఆయన్ని అడుక్కుంటా ఉండా. చివరికి మా అత్త వచ్చి చంకల కింద చేతులేసి లేపింది.

నాది రొయ్యల కంపెనీలో పని. రొయ్యలకు తలలు తీసి, ఒలిచి, ఐసులో వెయ్యాలి. తెల్లారకముందే కంపెనీ బస్సు వచ్చి ఎక్కించుకుంటుంది, పొద్దుగూకినాక దించుతుంది. లోపల కిటికీలుండవు, ట్యూబులైట్లే. గౌను, టోపీ, మాస్కు, గ్లౌజులు, బూట్లు వేసుకుంటే కళ్ళు తప్ప ఏమీ కనపడవు. బయట రోహిణీ కార్తెకు రోళ్ళు పగులుతుంటే మేం లోపల చలికి వణుకుతాం. నాట్లకు పోయే ఆడోళ్ళు మమ్మల్ని చూసి, "మీకేం మే, నీడపట్టున పని" అనేవాళ్ళు. నేనూ అదృష్టమనే అనుకున్నా. ఏళ్ళ తరబడి అట్లనే అనుకున్నా.

చర్చిలో అట్లా అయినాక, నడుమూ తొడలూ నొప్పులని ఊర్లో ఆర్ఎంపీ దగ్గరికి పోయినా. "వాతం" అని సూది వేసినాడు. సూది వేసినప్పుడు రెండ్రోజులు తేలిగ్గా ఉండేది, మళ్ళీ మామూలే. గూడూరులో ఇంకో డాక్టరు ఎమ్మారై తీయించి, "డిస్క్ కొంచెం అరిగింది" అని నడుముకు బెల్టిచ్చినాడు. బెల్టు కట్టుకొని బాతు మాదిరి ఊగతా నడిచేదాన్ని. బస్సు మెట్టు ఎక్కలేకపోతే వెనకాల నుంచి తోసి ఎక్కించేవాళ్ళు. కొన్నాళ్ళకు సూపర్‌వైజరు, "బాగయినాక రామ్మా" అని పంపించేసినాడు.

మా అత్త అరవై దాటిన మనిషి. ఎండలో చేపలు ఎండబెట్టుకుంటా గొంతుకూర్చొని, చెయ్యి ఆనించకుండా లేస్తుంది. "నాకు లేని నొప్పులు నీకెందుకొచ్చినాయి మే? మనసు పెట్టి లేస్తే లేస్తావు" అనేది. మనసు పెట్టినా. ఏడ్చినా. దొడ్డికి కూర్చొని లేవలేక, ఆమెనే కేకేసి పిలిచిన రోజు, చచ్చిపోతే బాగుండు అనిపించింది. ఆ రోజు నుంచి ఆమె ఆ మాట మళ్ళీ అనలేదు.

మా ఆయన నన్ను నెల్లూరు తీసుకుపోయినాడు. అక్కడి డాక్టరమ్మ ఎమ్మారై పక్కన పెట్టి, నా కాలి ముందరెముక మీద బొటనవేలితో నొక్కింది. ప్రాణం పోయినంత పనయింది. "ఏం పని చేస్తావు? ఇంట్లోంచి ఎప్పుడు పోతావు, ఎప్పుడొస్తావు?" అని అడిగింది. అంతకు ముందు ఏ డాక్టరూ ఆ మాట అడగలేదు. విటమిన్ డి, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని రక్తపరీక్షలు రాసింది. రిపోర్టులు చూసి, "ఆస్టియోమలేసియా. విటమిన్ డి లేక ఎముకలు మెత్తబడినాయమ్మా. ఒంటికి ఎండ తగలాలి" అంది.

మా ఆయన భయంలో నవ్వేసినాడు. "ఎండ లేకనా డాక్టరమ్మా? నెల్లూరు జిల్లాలోనా?"

ఇంటికొచ్చి చెబితే మా అత్త, "సముద్రం ఒడ్డున ఉండి ఉప్పు లేని కూడు తిన్నట్టుంది నీ బతుకు" అంది.

డాక్టరమ్మ వారానికొకటి పాలలో కలుపుకోను విటమిన్ డి పొడి సాషెలు, రోజూ కాల్షియం మాత్రలు రాసింది. పొద్దున లేత ఎండ ఒంటికి మంచిదని అందరూ చెప్పేదే కదా. సూర్యుడు పైకి రాగానే అరుగు మీద కూర్చునేదాన్ని, మోచేతుల దాకా జాకెట్టు, భుజాల నిండా కొంగు కప్పుకొని. రెండు నెలలకు నొప్పులు తగ్గినాయి. హమ్మయ్య, ఇంక ఎండ ఒక్కటే చాలులే అని సాషెలు ఆపేసినా. కంపెనీకి మళ్ళీ పోవచ్చని ఆశ.

ఒకరోజు బట్టలుతికే బండ దగ్గర బిందె ఎత్తబోతే తుంటిలో కలుక్కుమంది. కిందపడలేదు, దేనికీ తగల్లేదు, ఉత్తపుణ్యానికే. ఎక్స్‌రేలో తుంటెముక మీద సన్నటి గీత కనిపించింది. "మెత్తటి ఎముక బరువు ఆపలేక చిట్లింది. కాలు కింద పెట్టబాకు" అంది డాక్టరమ్మ. మంచం మీద పడినా. తిండీ, స్నానం, అన్నీ మా అత్త చేతుల మీదే. కిటికీలోంచి ఎదురుగోడ మీద తెల్లటి ఎండ కనపడేది. నాకు అందేది కాదు. దాన్ని చూస్తే కోపమొచ్చేది.

తర్వాత పోయినప్పుడు డాక్టరమ్మ, ఎండలో ఎట్లా కూర్చున్నావని అడిగింది. చెప్పినా. "లేత ఎండలో ఒళ్ళంతా కప్పుకుంటే ఏమొస్తుందమ్మా? పది దాటినాక ఎండ చేతులకు, కాళ్ళకు నేరుగా తగలాలి. కాసేపు చాలు, తలకు గుడ్డేసుకో, ఒళ్ళు మాడేదాకా వద్దు. సాషెలు మాత్రం నేను ఆపమనేదాకా ఆపబాకు. ఇంత చెడినాక ఎండ ఒక్కటే చాలదు" అంది.

పది దాటినాక, చేతులూ కాళ్ళూ బయటపెట్టుకొని! పెళ్ళయిన ఆడది పల్లెలో అట్లా యాడ కూర్చుంటుంది? మిద్దె ఎక్కలేను, వాకిట్లో దారిన పోయే మగోళ్ళు. ఊరంతా కాసే ఎండలో నేను కూర్చోను చోటు లేదు. ఇంటికొచ్చి ఏడ్చేసినా. మా అత్త పాత చీరలు తీసి, గడ్డివామి వెనకాల నాలుగు కర్రలు పాతించి చుట్టూ కట్టింది. మంచం దాంట్లోకి మోయించింది. నేను నైటీ మోకాళ్ళ దాకా లాక్కొని పడుకుంటే, ఆమె బయట చేపలు ఆరబెట్టుకుంటా కాపలా ఉండేది. "ఎవరత్తా అక్కడ?" అని ఎవరన్నా అడిగితే, "కోడల్ని ఎండబెడతా ఉండా, పో" అనేది.

కొన్ని నెలలకు తుంటెముక అతుక్కుంది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తుండా. వంట చేసుకుంటా. కింద కూర్చుంటే మాత్రం ఏదో ఒకటి పట్టుకోకుండా లేవలేను. ఇంక ఇంతేనేమో, డాక్టరమ్మ కూడా గట్టిగా ఏమీ చెప్పదు. చర్చిలో నాకు ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు.

పోయిన ఆదివారం ప్రార్థన అయినాక అందరూ లేచినారు. నా ముందు సుగుణ లేవలేదు. మా కంపెనీలో పనిచేసే పిల్లే, నాకంటే బాగా చిన్నది. తల వంచుకొని అట్లనే ఉంది. అయ్యగారు గొంతు తగ్గించినారు. పక్కనున్న ఆమె "ఎంత భక్తి" అంది. ఒంగి లేపుదామంటే నేను పడిపోతా. కుర్చీలోంచే గట్టిగా చెప్పినా: "ఆ పిల్ల ప్రార్థన చెయ్యడం లేదు. లేవలేకపోతా ఉంది. పట్టుకోండి."

సుగుణ తలెత్తింది. ముఖమంతా కన్నీళ్ళు. "నీకెట్లా తెలుసక్కా?" అంది.

పరీక్ష చేయించుకోమని చెప్పినా. సరే అంది. సోమవారం తెల్లారకముందే బస్సు హారన్ వినపడింది, సుగుణ ఎక్కిపోయింది. పోబాకు అని చెప్పను నాకు నోరు రాలేదు. ఆ పిల్ల పోకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతా. మీ ఇంట్లోగానీ, పనిలోగానీ, ప్రార్థనలోగానీ, ఎవరన్నా తొడల మీద చేతులు ఆనించి ఎగబాకినట్టు లేస్తుంటే, వాతమనీ బద్ధకమనీ అనుకోబాకండి. విటమిన్ డి పరీక్ష చేయించమని డాక్టరును అడగండి. అంతకంటే ముందు, చెయ్యిచ్చి లేపండి.