అక్క పేరు మీద నా పేరు

నా చిన్నప్పుడు మస్కట్ అవతలి రేవు ఊరు సూర్‌లో మా బిల్డింగుకు కరెంటు కంటే అసూయ ఎక్కువగా సరఫరా అయ్యేది. జనరేటరు నేనే. నాకు పదేళ్ళు. కారణం పక్కింటి అక్క. ఆమెకు పద్నాలుగు, వాళ్ళది కాకినాడ దగ్గర తాళ్ళరేవు. లెక్కల్లో నూటికి నూరు, మోకాళ్ళ దాకా జడ, మా అమ్మ నోట రోజుకు వెయ్యిసార్లు ఆమె పేరు. ఇవన్నీ ఎలాగో భరించాను. ఇండోనేషియా పెద్దాయన నోట్‌బుక్‌లోకి ఆమె ఎక్కాక మాత్రం నా వల్ల కాలేదు.

ఆయన మా పై వాటాలో మూడు నెలలు అద్దెకున్నారు. చైనా నుంచి వెళ్ళి జావాలో ఒక రేవు పట్నంలో స్థిరపడిన కుటుంబం వాళ్ళది. కుర్రతనంలో పత్రికా విలేకరి. తర్వాత జనం ఏం వండుకున్నారు, పెళ్ళిళ్ళలో ఏం పాడారు, సమాధుల మీద ఏం చెక్కించుకున్నారు అని ఊరూరా తిరిగి పుస్తకాలు రాశారు. వాళ్ళ రేవుకు ఒకప్పుడు అరబ్బుల చెక్క ఓడలు వచ్చేవట. అవి ఎలా కట్టేవారో చూద్దామని డెబ్బై దాటాక సూర్ వచ్చారు. గట్టిగా గాలి వీస్తే మస్కట్‌లో తేలేంత సన్నటి మనిషి. నోట్‌బుక్ మాత్రం మా ఇంటి తలుపంత ఉండేది. అక్క ఆయన్ను తాతగారూ అనడం మొదలుపెట్టింది, మేమంతా అదే పట్టుకున్నాం.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఎవరు ఏ సంగతి చెప్పినా ఇంగ్లీషులో రాసుకుని, తిరిగి వాళ్ళకే చదివి వినిపించేవారు. సరే అంటే పెన్ను చేతికిచ్చి, పక్కన వాళ్ళ పేరు వాళ్ళ లిపిలో వాళ్ళచేతే రాయించేవారు. ఆ పుస్తకంలో అరబ్బీ ఉంది, మలయాళం ఉంది, ఇస్త్రీ షాపాయన ఉర్దూ ఉంది. తెలుగు లేదు. మొట్టమొదటి తెలుగు పేరు నాదే కావాలని నిశ్చయించుకున్నాను.

వెళ్ళి, మా తాతయ్య కట్టిన ఓడ ముక్కు బందరులో ఉంటే తోక బెజవాడలో ఉండేదని చెప్పాను. మా తాతయ్య పోస్టుమాస్టరు. పెద్దాయన ఓపిగ్గా విని, ఆ ఓడ నువ్వు చూశావా అని ఒక్కటే అడిగారు. చూద్దామనుకునేలోపు తిమింగలం మింగేసిందన్నాను. ఆయన పెన్నుకు మూత పెట్టేశారు.

ఆ శుక్రవారం అక్కనూ నన్నూ ఓడలు కట్టే చోటికి తీసుకెళ్ళారు. అక్కడ అక్క మెల్లిగా నోరు విప్పింది. వాళ్ళ తాత నిజంగానే ఓడల వడ్రంగి. పలకల సందుల్లో నూనెలో నానిన నూలు దట్టించాక, ఓడను నీళ్ళలోకి దించే ముందు ఓడలోనే నీళ్ళు పోసేవాడట. బయట ఎక్కడ చెమ్మ కనబడితే అక్కడ సుద్దతో గీత పెట్టడం అక్క పని. సూర్ ముసలి మేస్త్రీ అది విని, మా నాన్నా ఇలాగే చేసేవాడని అక్క భుజం తట్టాడు. పెద్దాయన ముఖం చూడాలి! వెంటనే రాసుకుని, చదివి వినిపించి, పెన్ను అక్కకు ఇచ్చారు. ఆమె పైన వాళ్ళ తాత పేరు, కింద తన పేరు రాసింది. తాత పోయాడని, ఆయన కట్టిన ఓడల్లో ఒక్కటీ మిగల్లేదని, ఆయన పేరు ఓ పుస్తకంలోకి ఎక్కడం ఇదే మొదలని చెప్పింది. నేను ఓడ నీడలో నిలబడి ఉడికిపోయాను. ఆ వేడికి ఇద్దరు పనివాళ్ళు చాయ్ కాచుకున్నారు.

మర్నాడు అమ్మ గారెలిచ్చి పైకి పంపింది. పెద్దాయన స్నానానికి వెళ్ళారు. బల్ల మీద నోట్‌బుక్, నా జేబులో పెన్సిలు చెక్కుకునే సగం బ్లేడు. రెండు పేర్లూ గీకేసి, ఆ చోట నా పేరు రాశాను. ఆయనకు తెలుగు రాదు కదా, అక్షరాలు గుండ్రంగా ఉంటే చాలు, ఏ పేరైనా ఒకటే అన్నది నా ధైర్యం.

సాయంత్రానికే ఇద్దరికీ పిలుపొచ్చింది. ఆయన ఆ పేజీ తెరిచి, నాకు మీ లిపి రాదు, ఇక్కడ ఎవరి పేర్లున్నాయో చదివిపెట్టు అని నన్నడిగారు. అక్క నా భుజం మీదుగా వంగి చూసింది. నా పేరు చదవడానికి నోరు రాలేదు. వాళ్ళ తాత పేరు చదివాను, తర్వాత అక్క పేరు చదివాను.

"రెండు పేర్లు చదివావు. ఇక్కడ ఒకటే ఉందే?" అన్నారాయన.

అక్క నావైపు తిరిగి తెలుగులో అంది: "నా పేరు తీసేసినా ఊరుకుందును కదరా. మా తాతేం చేశాడ్రా నిన్ను?"

పెద్దాయనకు ఆ మాటలు అర్థమై ఉండవు. కానీ ఆయన తన సంగతి చెప్పుకొచ్చారు. వాళ్ళ దేశంలో చైనా వాళ్ళు పేర్లు మార్చుకోక తప్పని కాలం ఒకటి వచ్చిందట. బోర్డుల మీద చైనా అక్షరాలు పోయాయి, ఆయన పనిచేసే పత్రిక మూతపడింది. వాళ్ళమ్మ భయపడి, తాతముత్తాతల పేర్లు రాసి ఉన్న పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేసింది. ముత్తాత పేరు ఏ అక్షరాలతో రాసేవారో ఇప్పుడు చెప్పేవాళ్ళే లేరట. "నా పేరూ ఇలాగే పోయింది. కొత్త పేరు రాసి సంతకం పెట్టింది ఈ చెయ్యే," అంటూ కుడిచేయి చూపించారు.

ఆ చేత్తోనే నాకు పెన్నిచ్చారు. ఒత్తులు అక్కను అడిగి మరీ, పేజీ అంచున ఆ రెండు పేర్లూ రాశాను. జీవితంలో అంత నెమ్మదిగా ఏదీ రాయలేదు. నా పేరు కొట్టేయబోతే ఆయన ఆపి, నువ్వు చేసిందీ జరిగిందే కదా, ఉండనీ అన్నారు. దాని పక్కన ఇంగ్లీషులో, గీకినదీ తిరిగి రాసినదీ ఇతనే అని రాసి, పద్ధతి ప్రకారం నాకు చదివి వినిపించారు. సరే అన్నాను.

ఇప్పుడు మస్కట్‌లో కూర్చుని పత్రికలకు హాస్యం రాసుకుంటున్నాను. అసూయ నయం కాలేదు. తోటి రచయిత వ్యాసం నా దానికి ముందు పేజీలో పడితే ఆ వారమంతా నాకు అన్నం సయించదు. ఉన్నదాన్ని ఊరంత చేసి రాయడమూ మానలేదు. మనుషుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగుతుంది, వాళ్ళను అడగనిదే కదలదు. ఇది రాసే ముందు కూడా ఇదే దేశంలో రైసూత్ రేవులో ఉంటున్న అక్కకు ఫోన్ చేసి, మీ ఇద్దరి పేర్లూ వేయనా అని అడిగాను. నవ్వింది. "నువ్వొద్దులేరా, మా తాత గురించి నేనే రాస్తున్నా," అంది. కడుపు భగ్గుమంది. అయినా సరేనన్నాను. ఆ రెండు పేర్లూ ఒత్తులతో సహా కళ్ళు మూసుకుని రాయగలను. రాయలేదు.