ఫ్రిజ్ మీది స్వామి, గరాజ్‌లో ఎర్ర కారు

పాత కార్లకు ఒక వాసన ఉంటుంది. నిలవున్న పెట్రోలు, తడిసి ఆరిన సీట్లు, ఎలుకలు కాపురం చేసి వెళ్ళిన దూది, వీటన్నిటి అడుగున ఎక్కడో తడి ఇనుము. మొన్న శనివారం, మేముండే ట్రాయ్‌కి గంట దూరంలో ఎవరిదో షెడ్డు ముందు, మా అమ్మాయి మీనా కొనుక్కుని సొంతంగా బాగుచేసుకుంటానంటున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తలుపు తీయగానే ఆ వాసన గుప్పున కొట్టింది. వెంటనే ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది. ఒకే ఇంట్లో రెండు తరాలకు ఇదే పిచ్చి పట్టాలా అని నీరసం వచ్చింది.

మొదట పట్టింది మా నాన్నకి. నా చిన్నప్పుడు ఆయన ఇక్కడే ఒక కార్ల కంపెనీకి సీట్లు డిజైన్ చేసేవారు. రోజంతా కంప్యూటర్ తెర మీద కార్లను విప్పి బిగించే మనిషి, ఇంట్లో పానా పట్టి ఎరుగరు. అప్పటి మా శనివారాలన్నీ ఒక్కలాగే ఉండేవి: ఎవరో ఒకరి ఇంట్లో అల్యూమినియం ట్రేల నిండా పులిహోర, బూరెలు, పోపు పెట్టిన పెరుగన్నం, గుమ్మం దగ్గర గుట్టగా తడి బూట్లు, పిల్లలం బేస్‌మెంట్‌లో దాగుడుమూతలు, అంకుల్స్ అంతా పేపర్ ప్లేట్లు పట్టుకుని గరాజ్‌లో. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కార్లకు తెల్లగా పట్టి, ఆనుకుంటే మా కోట్లకు అంటుకునేది. ఆ ఉప్పే ఇనుమును తినేస్తుందని వాళ్ళు చెప్పుకునేవారు.

ఒక పాత ఎర్ర కారు చూశానని నాన్న నోరు జారిన రోజున ఒక అంకుల్ సలహా ఇచ్చారు. "మాగ్నెట్ పెట్టి చూడు అన్నా. మంచి ఇనుమైతే అంటుకుంటది. తుప్పు మీద పుట్టీ పెట్టి రంగేస్తే జారిపడ్తది."

మా ఇంట్లో గట్టి మాగ్నెట్ ఒకటే ఉండేది. అమ్మమ్మ తిరుపతి నుంచి తెచ్చిన వేంకటేశ్వరస్వామి, ఫ్రిజ్ మీద నా స్కూలు లంచ్ మెనూని పట్టుకుని నిలబడి ఉండేవాడు. రంగు గీసుకుపోకుండా ఆయన్ను ఉతికిన జేబురుమాలులో చుట్టి, అమ్మా నాన్నా నేనూ కారు చూడటానికి వెళ్ళాం. అమ్ముతున్న పెద్దాయన, కిందకి దూరి చూసుకోమని నేల మీద అట్టముక్క కూడా పరిచాడు. నాన్న ముందుగా బానెట్ మీద పెట్టారు, టక్కున అంటుకుంది. తలుపుల మీదా అంతే. తలుపుల కింద, చక్రానికీ చక్రానికీ మధ్య పొడుగునా ఉండే రేకు దగ్గరికి వంగేసరికి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏమండీ, స్వామివారండీ అది! కాళ్ళు తగిలేచోట పెడతారా?"

నాన్న "సరేలే" అని లేచారు. కిందకి తొంగిచూస్తే కొత్తగా పూసిన నల్లరంగు నిగనిగలాడుతోంది, ఇంకేం చూడాలి అన్నారు. ఆ వేసవిలోనే దాని పైకప్పు మడిచేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని స్కూలు నుంచి తీసుకొస్తానని మాటిచ్చారు. ఆ మాట క్లాసంతా చెప్పుకున్నాను.

ట్రెయిలర్ మీద వచ్చిన కారుకి అమ్మ పసుపూ కుంకుమా పెట్టి హారతిచ్చింది. అది తనంతట తాను కదల్లేదు కాబట్టి అంకుల్స్ అందరూ తోసి నిమ్మకాయలు తొక్కించారు. నాన్న కొత్త పానాల పెట్టె తెచ్చారు. వారం తిరక్కుండా ఒక పొద్దున, చక్రం విప్పుదామని తలుపు కింద జాకీ పెట్టి తిప్పితే, కారు పైకి లేవలేదు. జాకీయే అప్పడం విరిగినంత తేలిగ్గా ఆ రేకులోకి దిగిపోయింది. లోపలంతా తుప్పు, పైన పుట్టీ. నాన్న చాలాసేపు చేతులు కడుక్కున్నారు.

ఆ తర్వాత చలికాలాలన్నీ ఎర్ర కారు గరాజ్‌లో వెచ్చగా, మేము ఎక్కి తిరిగే కారు బయట మంచులో. నాన్న పొద్దున్నే దాని అద్దాలు గీక్కుని ఆఫీస్‌కి వెళ్ళేవారు. ఎవరైనా అడిగితే "నాదే బుద్ధి తక్కువ, సరిగ్గా చూసుకోలేదు" అని నవ్వేసేవారు. వంటింట్లో అమ్మ గరిటె ఆగిపోయేది. చివరికి ఆ కారును ఎవరో తుక్కు కింద లాక్కుపోయారు. నేనందులో ఒక్క వీధి కూడా తిరగలేదు.

నాన్న ఇప్పుడు లేరు. ఆ గరాజ్ కబుర్ల అంకుల్స్ సగంమంది ఫోన్లలో ఫొటోలుగా మిగిలారు. కొత్త స్టీలు ఫ్రిజ్‌లకు మాగ్నెట్లు అంటుకోవు కాబట్టి స్వామి మా వంటింటి సొరుగులో ఉంటున్నాడు. ముఖం అరిగిపోయింది, నామం మాత్రం కనిపిస్తుంది. మొన్న ఆయన్ను బయటికి తీసి పర్సులో వేసుకున్నది అమ్మే.

"అమ్మా, ఇంజిన్ స్టార్ట్ అయింది కదా, ఇంకేం చూడాలి?" అంది మీనా. అమ్మ తీసిచ్చిన మాగ్నెట్‌ని నేను బానెట్ మీద పెట్టాను, అంటుకుంది. తలుపు మీద పెట్టాను, అంటుకుంది. అక్కడితో నా చెయ్యి దానంతటదే ఆగింది.

"తలుపు కింద పెట్టవే" అంది అమ్మ.

అమ్మ నా చేతిలోంచి తీసుకుని, నొప్పుల మోకాళ్ళ మీద మెల్లగా కూర్చుని, తలుపు కింద రేకుకి ఆనించి వదిలింది. స్వామి జారి కంకరలో పడ్డాడు. ఇంకోచోట పెట్టింది. మళ్ళీ పడ్డాడు.

"పోనీలే అమ్మమ్మా, వేరేది చూద్దాం" అని మీనా చెయ్యిచ్చి లేపింది. అమ్మ మాగ్నెట్‌ని కొంగుతో తుడిచి కళ్ళకద్దుకుంది. వెనక్కి వస్తుంటే దారంతా దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఇంటి మలుపు తిరుగుతుండగా నోరు విప్పింది.

"ఒక్కసారన్నా నన్నో మాట అనలేదే, మీ నాన్న."