చుక్క పెట్టే మనిషి

మనసు బాగోలేని విద్యార్థులు ఫోన్‌లో రాసి చెప్పుకోవడానికి ఆ విశ్వవిద్యాలయం ఒక సేవ నడుపుతోంది. రాసేవాళ్ల పేరు కనబడదు. జవాబిచ్చేవాళ్ల పేరూ కనబడదు. జవాబిచ్చేవాళ్లలో ఒకామెను తోటివాళ్లు చుక్కక్క అంటారు.

అవతలివాళ్లు రాయడం ఆపేస్తే ఆమె గుచ్చి గుచ్చి అడగదు. కాసేపు ఆగి ఒక చుక్క పెడుతుంది. ఇంకాసేపటికి ఇంకొకటి. ఇక్కడే ఉన్నాను, తొందరేం లేదని దాని అర్థం. ఆ సంగతి ముందే చెప్పి ఉంచుతుంది.

బస్సు నడిపే ఆమె భర్తకు ఈ ఉద్యోగం అంతుపట్టదు.

“మాట్లాడకుండా కూర్చుంటే జీతమిస్తారా? ఇంట్లో నేను ఊరికే చేస్తున్నానే ఆ పని.”

“నువ్వు వినకుండా కూర్చుంటావు. అది వేరు,” అంటుంది.

ఈ సేవ ఎక్కడో దూరాన ఉందని విద్యార్థులు అనుకుంటారు. ఉన్నది వాళ్ల క్యాంటీన్ పైనే, మెట్ల పక్క గదిలో. కింద కుర్చీలు లాగితే పైన బల్లలు అదురుతాయి. ఆ చోటు ఎవరికీ చెప్పకూడదని నియమం.

కొన్నాళ్లుగా ఒకమ్మాయి రాస్తోంది. ఒక మాట, తరవాత చాలాసేపు ఏమీ ఉండదు. పరీక్ష పోయింది. గదిలో తోడున్న పిల్ల ఖాళీ చేసి వెళ్లింది. ఈ అమ్మాయికి అన్నం సయించడం లేదు. ఆ మధ్యాహ్నం, “నిన్న మేడ మీదికెళ్లి” అని రాసి ఆగింది.

చుక్కక్క వేలు చుక్క మీదికి వెళ్లింది. అంతలో తెర మీద ఆమె రాయని మాటలు వచ్చాయి. మీ సమస్య తీరిందని ఆశిస్తున్నాం. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

ఆపైన అంతా మూసుకుపోయింది.

గదికి ఇన్‌చార్జిగా ఉన్నవాడి బల్ల దగ్గరికి వెళ్లింది. ఆమె తమ్ముడి వయసువాడు. ఆ ఉదయమే కొత్త పద్ధతి పెట్టారని, అవతల ఉలుకూ పలుకూ లేకపోతే దానంతటదే మూసేస్తుందని చెప్పాడు. ఊరుకున్నవాళ్ల దగ్గరే కూర్చుంటే వరసలో ఉన్నవాళ్ల గతేమిటన్నాడు. ఆ అమ్మాయి ఎవరో పేరు వెతికి చెప్పమంది చుక్కక్క. దానికి పైవాళ్ల అనుమతి కావాలి, పైవాళ్లు మీటింగులో ఉన్నారు.

“మేడ మీది పిల్లను నక్షత్రాలు అడిగావు, బాబూ.” ఇన్నాళ్లూ అతన్ని సార్ అని పిలిచిన మనిషి.

“నేను కాదు మేడమ్, సిస్టమ్.”

“సిస్టమ్‌కి చెల్లెళ్లుండరు. నీకున్నారు.”

ఒళ్లు మండిపోతూ వచ్చి కూర్చుంది. ఎంతోసేపటికి తెర వెలిగింది. ఒక చుక్క. మాట రానప్పుడు తిరిగి చుక్క పెట్టడం నేర్చుకున్నది ఆ అమ్మాయి ఒక్కతే.

చుక్కక్క రాసింది. క్యాంటీన్ పైన, మెట్ల పక్క గది. రా. తలుపు దగ్గరే ఉంటాను.

వెనక నిలబడి చదివిన ఇన్‌చార్జి గొంతు తగ్గించాడు. “మేడమ్, ఉద్యోగం పోతుంది.”

“పోనీ.”

తలుపు బార్లా తీసి, మూసుకోకుండా తన కుర్చీ అడ్డం పెట్టింది. నిలబడింది. కింద ఎవరో నవ్వుతున్నారు. మెట్ల మీద అడుగులు మొదలయ్యాయి. మధ్యలో ఆగాయి. ఆమె పిలవలేదు. మళ్లీ మొదలయ్యాయి.

తల దువ్వుకోని పిల్ల, చేతిలో ఫోన్, కాళ్లకు చెప్పుల్లేవు. ఇన్‌చార్జి ఏదో చెప్పబోయాడు.

చుక్కక్క తలుపుకి అడ్డం పెట్టిన కుర్చీ లాగింది. “కూర్చోమ్మా.”

తరవాత అతని వైపు తిరిగింది.

“మీరు బయటికి నడవండి, సార్.”