ఊదమనే బాబాయి

మా బాబాయి విశాఖలో నేవీ పోలీసు. ఓడ దిగిన నావికులు తాగి వీధుల్లో అల్లరి చేయకుండా చూడడం ఆయన ఉద్యోగం. రిటైరై సత్తెనపల్లి పక్కన మా ఊరొచ్చాక కూడా, ఎవరు ఎదురైనా మూతి దగ్గర ముక్కు పెట్టి "ఏదీ, ఊదు!" అనేవాడు. ఆ దిక్కుమాలిన ముక్కుకి ఊరంతా తాగుబోతులే.

ఓ మధ్యాహ్నం పత్తికి పురుగుమందు కొట్టి తూలుతూ వస్తున్న మా కౌలురైతుని ఆపాడు. అతను ఊదాడు. సారా వాసన లేదు. అయినా వదల్లేదు.

"నిటారుగా నిలబడు!"

"కళ్లు తిరుగుతున్నాయండీ, ఇంటికి పోనీండి."

"నావికులూ ఇదే చెప్పేవాళ్లురా!"

అతను అక్కడే కూలిపోయాడు. భార్య ఏడుస్తూ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎలాగో బతికాడు.

బాబాయి మాత్రం చాన్నాళ్లు అరుగు మీద గొప్పలు పోయాడు: "వాడు తాగలేదని అందరికంటే ముందు కనిపెట్టింది నేనే!"