కల్లు తాగని పూజారితో జాకరమ్మ దగ్గరికి

భాద్రపదంలో రెండు రోజులు సెలవు పెట్టి, ఉదయం ఆరూ ముప్పావుకి విశాఖలో కిరండూల్ పాసింజర్ ఎక్కాను. నేను ఆర్టీసీ కండక్టర్ని, ఎక్కడికెళ్లినా చూపు ముందు గడియారం మీద పడుతుంది. వెళ్లేవాళ్లు కుడివైపు కిటికీ పట్టుకోండి, లోయలన్నీ అటే.

ప్రయాణానికి కారణం సుక్రు. తాగుడు మాన్పించే సెంటర్లో మూడు నెలలు నా పక్క మంచం. హుకుంపేట దగ్గర కొండ మీద వాళ్ల ఊరి దేవతకి పూజారి. పొద్దున్న ప్రార్థనలో ఎవరి దేవుణ్ణి వాళ్లం తలుచుకుంటుంటే తను తల దించుకుని కూర్చునేవాడు.

“మా జాకరమ్మకి కల్లు పొయ్యాల బావా. మిగిలింది పూజారి తాగాల. అప్పుడే ఊరు కొత్త కొర్రలు తింటాది. ఏటని మొక్కీది నాను?” అన్నాడోసారి.

తాగితే కథ మళ్లీ మొదటికి. తాగకపోతే తాతలనాటి పూజ చేజారుతుంది. కొర్ర కొత్త పండక్కి తోడు రమ్మని ఫోన్ చేశాడు. నేను తాగుడు మానేసి ఏడాదే. కల్లు కుండల మధ్యకి నేను తోడేమిటని నవ్వొచ్చింది, భయమూ వేసింది.

“అరకు సూడ్డానికా బాబూ?” అంది శివలింగపురంలో ఎదురు సీటు ముసలమ్మ. కొండ మీద పండక్కన్నాను. “అయితే మంచి కల్లు దొరుకుతాది,” అని దీవించింది.

పదకొండు దాటాక అరకులో దిగి, పెసరట్టు తిని, షేర్ జీపులో హుకుంపేట వైపు వెళ్లాను. ఆపైన అరగంట నడక. సుక్రు భార్య చిలకమ్మ రాగి అంబలి ఇచ్చింది. బస వాళ్లింట్లోనే. బుట్ట కింద ఒక కోడి సాయంత్రమంతా ఒకటే గోల.

మర్నాడు ఎనిమిదింటికి ఊరంతా దేవత రాయి దగ్గర చేరింది. అడ్డాకు డొప్పలో జీలుగు కల్లు పట్టుకుని, సుక్రు చివరి చుక్కదాకా రాతిమీద పోసేశాడు. ఆ వాసనకి నాకు నోరూరింది, దాచను.

ఊరిపెద్ద లేచాడు. “పూజారి తాగనేదు. తల్లి ఒప్పుతాదేటి?”

“కోడినడగండి,” అన్నాడు సుక్రు.

వాళ్ల పద్ధతి అది. పూజారి అరచేతిలో గింజలు కోడి పొడిస్తే దేవత ఒప్పుకున్నట్టు. చిలకమ్మ కోడిని తెచ్చి వదిలింది. సుక్రు చెయ్యి చాపాడు. కోడి కాళ్లు నేలకి ఆనాయో లేదో, అది అరచెయ్యి ఎర్రబడేలా పొడిచి గింజలన్నీ ఊడ్చేసింది. ఊరిపెద్ద కొర్రన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. సుక్రు చంటిపిల్లాడిలా ఏడ్చాడు, నాకూ కళ్లు ఆగలేదు. మధ్యాహ్నం భోజనంలోకి ఆ కోడే కూర.

జీపు దాకా చిలకమ్మ సాగనంపింది. “కోడి భలే పొడిచిందమ్మా,” అన్నాను.

“నిన్న పొద్దున్నించి గింజెయ్యనేదు అన్నా,” అంది మెల్లగా. “ఆయనకి సెప్పకు. ఆకలి నాను పెట్టాను గానీ, ముక్కు దించింది ఆ తల్లే.”

నాలుగింటికి అరకులో మా ఆర్టీసీ బస్సే ఎక్కాను. అనంతగిరి ఘాట్ రోడ్డు దిగుతున్నంతసేపూ ఆ మాటే చెవిలో ఉంది. సుక్రు తాగకూడదని మొక్కుకున్నది సుక్రు ఒక్కడే అనుకుని వచ్చాను.

ఈ ఏడాదిగా నేను డ్యూటీ దిగే వేళకి మా ఆవిడ డిపో గేటు దగ్గర సంచితో నిలబడుతోంది. గేటుకెదురుగా బ్రాందీ షాపు. కూరగాయలకొచ్చానంటుంది, సరేనని సంచి అందుకుని తనతో ఇంటికి నడుస్తాను. మా ఇంటి వెనకే రైతుబజారు ఉందన్న సంగతి ఎస్.కోట దాటాక గానీ నాకు తట్టలేదు.